బోటు వచ్చేదాకా

ఇంజక్షన్ అయిపోయింది. అనూరాధ సిస్టరు మామ్మ పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని సన్న సూది గుచ్చి, తీసి, దూదితో అద్ది, "టిఫిన్ వచ్చేస్తుంది గంగాలమ్మగారూ, మొత్తం తినాలి, ఈరోజు మందు కాస్త పెంచారు" అని చెప్పి, వెళ్తూ వెళ్తూ నా వైపు తిరిగి "దగ్గరుండి తినిపించమ్మా" అంది. నేను తల ఊపాను. ఎవరేం అడిగినా నాకు ముందు వచ్చేది అదే, తల ఊపడం, అవునని ఊపానో విన్నానని ఊపానో అడిగినవాళ్ళే తేల్చుకుంటారు. ట్రే వచ్చింది. మూడు ఇడ్లీలు, పల్చటి చట్నీ, చక్కెర లేని పాలు. మామ్మ ట్రేకేసి చూడలేదు, కిటికీ వైపు తిరిగి పడుకుంది. ఇంత ఎత్తు నుంచి చూస్తే సముద్రం కదులుతున్నట్టే ఉండదు, రేవులోకి పిలుపు కోసం లంగరు వేసుకున్న ఓడలు ఎవరో పెట్టి మరిచిపోయిన సామానులా ఉన్నాయి, పక్కన డాల్ఫిన్ కొండ, కొండకి అవతల మా యారాడ, అది ఇక్కడికి కనపడదు, కనపడకపోయినా మామ్మ అటే చూస్తుంది. "నువ్వు తినీ" అంది, ఇటు తిరక్కుండానే. "బోటు రానేదు కదా."

నాన్న బోటు ఒడ్డుకి చేరేదాకా మామ్మ నోట్లో ఏమీ వెయ్యదు. మంచినీళ్ళు తాగుతుంది, అవి లెక్కలోకి రావు. మా వీధిలో పూర్వం ఆడవాళ్ళందరూ అలాగే ఉండేవారట, ఇప్పుడు చాలామంది మానేశారు, మా అమ్మయితే ఇసకలో నిలబడి బోటు కోసం చూస్తూనే బిస్కెట్లు తినేస్తుంది, బిస్కట్టు తిండేటి అంటుంది, మామ్మ వినపడనట్టు ఊరుకుంటుంది. తాత బతికినన్నాళ్ళూ చేపల వేటకి వెళ్ళాడు, చివరికి ఇంట్లో మంచం మీద, దుప్పటి కప్పుకుని, నిద్రలో పోయాడు. మా వీధిలో మగవాళ్ళందరికీ అలాంటి చావు దొరకలేదు. అందుకే మామ్మకి తన పద్ధతి మీద ఎవరూ కదపలేని నమ్మకం, తాతని కాపాడింది తన కడుపే అన్నట్టు ఉంటుంది. చక్కెర జబ్బు నేను పుట్టకముందు నుంచీ ఉంది, మాత్రలు వేసుకునేది, అవీ బోటొచ్చాకే, బోటు, అన్నం, మాత్ర మూడూ ఎప్పుడూ ఒక వరసలో ఉండేవి కాబట్టి ఇంట్లో ఏనాడూ ఏమీ కాలేదు. గుండెపోటు వచ్చి, ఇక్కడికి తెచ్చి, రక్తనాళంలో స్టెంటు వేసి, గాజు తలుపుల గదిలోంచి ఈ వార్డులోకి మార్చాక వరస మారిపోయింది. ఇక్కడ ముందు సూది, తరవాత తిండి. బోటు అనేది వీళ్ళ వరసలో లేనే లేదు. వార్డుకి వచ్చిన మొదటి ఉదయమే మామ్మ నన్ను దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పింది, "డాట్రుబాబుకి సెప్పకే. ఆలకి తెలీదు. ఆల ఇంట్లో ఎవులూ బోటెక్కరు."

చెప్పలేదు. మామ్మ తినమన్న ఇడ్లీలు నేనే తిన్నాను, ఖాళీ ట్రే చూసి సిస్టరు "తిన్నారా?" అని అడిగింది, తల ఊపాను, ఆమె రాసుకుంది. కాసేపటికి అమ్మ ఫోను చేసి బోటొచ్చిందని చెప్పింది, అప్పుడు మా అత్త, నాన్న వాళ్ళ అక్క, తెచ్చిన కేరేజీ విప్పింది, మామ్మ కడుపు నిండా అన్నం, చేపల పులుసు తింది. నిన్నా అంతే. కాగితంలో ఉన్నది ఇడ్లీ, కడుపులోకి పోయింది అన్నం, అదీ సూది వేసిన చాలాసేపటికి. సాయిశంకర్ డాక్టరు గారికి ఇది తెలీదు కాబట్టి ఆయన నిన్న సాయంత్రం మంచం దగ్గర నిలబడి కాగితాలు తిరగేసి తనలో తాను మాట్లాడుకున్నట్టు, "పొద్దున తక్కువ, మధ్యాహ్నం మూడు వందలు దాటుతోంది, ఇడ్లీ తిన్న మనిషికి ఇంత ఎలా వస్తుంది?" అన్నారు. పక్క మంచం సుధారాణి గారు, వాళ్ళాయన స్టీలు ప్లాంటులో చేసి రిటైరయ్యారు, అన్నింటికీ ఒక మాట ఉంటుంది ఆవిడ దగ్గర, "సందు చూసి లడ్డూలు లాగిస్తున్నారేమో అడగండి డాక్టరుగారూ" అంది, మామ్మ "నీ మంచం కిందే దాసినానమ్మా, తీసుకో" అంది. డాక్టరుగారు నవ్వలేదు. నన్ను పక్కకి పిలిచి, చదువుకున్న పిల్లవి కదా అని, నెమ్మదిగా చెప్పారు. గుండె దెబ్బ తిన్న మనిషికి షుగరు ఎక్కువున్నా మంచిది కాదు, బాగా పడిపోతే ఇంకా ప్రమాదం, గుండె కొట్టుకునే లయ తప్పిపోవచ్చు, చెమట పట్టినా, వణికినా, మాట తేడాగా వచ్చినా పరిగెత్తుకొచ్చి సిస్టరుకి చెప్పాలి. తల ఊపాను. మధ్యాహ్నం మూడు వందలు కనపడుతోంది కాబట్టి ఈరోజు పొద్దుటి మందు పెంచారు. పెంచింది అన్నానికి. ఇప్పుడు కడుపులో ఇడ్లీ కూడా లేదు.

ఈరోజు నాకూ దిగడం లేదు. ఒక ముక్క తుంచాను, వేళ్ళ మధ్యే ఉంది, ట్రే మీద తువ్వాలు కప్పేశాను. రోజూ ఈపాటికి ఫోను మోగేది. ఫోను నా ఒళ్ళో ఉంది, మోగకుండా ఉన్న ఫోను మామూలు ఫోను కంటే బరువుగా ఉంటుందని ఇప్పుడే తెలిసింది. నాన్నది చిన్న ఫైబర్ బోటు, చీకటి ఉండగానే దిగి, ఎండ ఎక్కేలోపు వచ్చేస్తాడు, గాలి లేకపోతే ఇంకా ముందే. ఈరోజు గాలి ఉందా. కిటికీ అద్దం తెరుచుకోదు, గాలి తెలీదు, లోపల ఏసీ చప్పుడు, ఫినాయిలు వాసన, మామ్మ తల దగ్గర పెట్టెలో పచ్చగీత పడిలేస్తూ పోతోంది, ఆ గీత చూస్తే నాకు కెరటాలు గుర్తొస్తాయి, కాదు, కెరటాలు అంత వరసగా రావు. తొమ్మిదో తరగతిలో సైన్సు మేడం క్లోమం బొమ్మ వేస్తే పడుకున్న చేపలా వచ్చింది, అందరం నవ్వాం, మేడం కూడా నవ్వి, ఇదిగో ఈ చేప ఇన్సులిన్ ఇస్తుంది, ఇన్సులిన్ వెళ్ళి కణాల తలుపులు తీస్తుంది, రక్తంలో చక్కెర లోపలికి పోతుంది అని చెప్పారు. మామ్మ ఒంట్లో ఇప్పుడు తలుపులన్నీ తెరుచుకుంటున్నాయి. బయట ఉన్న కాస్త చక్కెరా లోపలికి వెళ్ళిపోతోంది. వెనక నుంచి ఇంకేమీ రావడం లేదు. ఇది నాకు తెలుసు. పరీక్షలో అడిగితే బొమ్మ వేసి భాగాలు గుర్తిస్తాను. సిస్టరు దగ్గరికి వెళ్ళి మా మామ్మ తినలేదు అని చెప్పడం మాత్రం ఏ పాఠంలోనూ లేదు. బళ్ళో హాజరు పిలిచేటప్పుడు ప్రెజెంట్ సార్ అనేదాన్ని, అది నా గౌను కాలరుకి తప్ప ఎవరికీ వినపడేది కాదు, రోజూ ముందు బెంచీలో కూర్చున్నా నాకు ఆబ్సెంటు పడేది, ఒకసారి నాన్నని పిలిపించారు, నాన్న అన్నాడు, "మా గుంటకి గొంతుంది సారూ, డైరీలో పెట్టీసుకుంటాది." నిజమే, డైరీలో అయితే పేజీలు మాట్లాడతాను. అసలు గొంతు ఉన్నా చెప్పేదాన్నా. చెబితే వీళ్ళు మామ్మ నోరు తెరిచి ఏదో ఒకటి వేస్తారు. నాన్న ఇంకా నీళ్ళ మీదే ఉన్నాడు. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం ఉందా అంటే, లేదు, పొద్దున లేదు. ఫోను ఆలస్యమయ్యేకొద్దీ కొంచెం కొంచెంగా వస్తోంది.

అత్త వచ్చింది. అత్తని చూడకముందే అత్త గొంతు వస్తుంది, మెట్ల దగ్గర నుంచే, జాలారిపేటలో చేపలు అమ్మే గొంతు. "ఏటే ధనం, మీ నాయన ఇంకా రానేదా?" "ఫోను రాలేదు అత్తా." "మీ యమ్మ బిస్కట్లు తింటా ఫోను మర్సిపోయుంటాది." కేరేజీ బల్ల మీద పెట్టి, పక్క మంచానికేసి చూసి, "ఏటమ్మా స్టీలుప్లాంటు అమ్మగోరూ, నిద్దరట్టిందా?" "నువ్వు వచ్చేదాకా పట్టింది సన్యాసమ్మా." అత్త నవ్వింది, నవ్వుతూనే ఫోనుకేసి చూసింది, నాకు తెలిసిపోయింది, అత్తకి కూడా భయంగా ఉంది. అత్త దగ్గర భయం గట్టిగా మాట్లాడటంలా ఉంటుంది. "సముద్రం బాగానే ఉన్నాదే, నాను పొద్దున్న సూసినాను కదా" అంది. ఎవరూ అడగలేదు.

మామ్మ దుప్పటి లాగుతోంది. అంచు పట్టుకుని కొంచెం కొంచెంగా తన వైపు, వల లాగినట్టు. నుదుటి మీద జుట్టు మొదట్లో చెమట చుక్కలు, ముక్కు కింద కూడా. ఏసీలో. చేతులు వణుకుతున్నాయి. "తియ్యండ్రా" అంది, "తియ్యండ్రా, బరువుగుంది." ఎవరితోనో. అత్త కేరేజీ మూత పట్టుకున్నది పట్టుకున్నట్టే ఆగిపోయి, మూత బల్ల మీద పెట్టి, చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించింది. "ముట్టుకోకే. అమ్మోరొచ్చినాది." నేను మంచం మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. గంగమ్మ పండగప్పుడు ఏటా మామ్మ మీదికి అమ్మవారు వస్తుంది, మా పేటలో అందరికీ తెలుసు, మామ్మ వణుకుతుంది, ఒళ్ళంతా చెమట పడుతుంది, గొంతు మారుతుంది, అడిగినవాళ్ళకి జవాబు చెబుతుంది. అత్త అదే అడుగుతోంది, వంగి, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో, "తల్లీ, మా తమ్ముడి బోటు ఏ దిక్కునున్నాదో సెప్పు తల్లీ. ఎల్లారావు. నీ బిడ్డే కదా." మామ్మ పెదాలు కదిలాయి. "నల్లగున్నాయి నీళ్ళు" అంది. అత్త ముఖం కిందికి జారిపోయింది, అలా నేను ఎప్పుడూ చూడలేదు. "సలి" అంది మామ్మ. అత్త ఏడవడం మొదలుపెట్టింది, చప్పుడు లేకుండా, చేతులు జోడించే ఉన్నాయి.

చలి. అమ్మవారు వస్తే చలి ఎందుకు. ఆరో తరగతిలో ఉండగా పండగలో నేను వేపమండ పట్టుకుని మామ్మ పక్కన నిలబడ్డాను, జనం తోసేస్తే వెళ్ళి మామ్మ మీద పడ్డాను, ఆ ఒళ్ళు పొయ్యి మీది పెనంలా కాలింది, ఎర్రగా, చెమట కూడా వేడి, అందరూ తిట్టారు ముట్టుకున్నానని, మామ్మ మాత్రం ఆ గొంతుతోనే "ధనశ్రీని ఏటనకండి" అంది. పేరు పెట్టి పిలిచింది. పేటలో ప్రతివాళ్ళనీ పేరు పెట్టే పిలుస్తుంది అమ్మవారు, మొక్కు మొక్కి మరిచిపోయినవాళ్ళని కూడా. చెయ్యి వేశాను. అత్త "ఒలే" అంది, అయినా తియ్యలేదు. మామ్మ చెయ్యి ఐసు పెట్టెలోంచి తీసిన చేపలా ఉంది, చల్లగా, తడిగా, జారుతోంది. మామ్మ కళ్ళు నా మీదికి వచ్చాయి, ఆగాయి, నా ముఖంలో ఏదో వెతికాయి, దొరకలేదు. "ఎవుల పాపవే నువ్వు" అంది.

అమ్మవారు ఎవరినీ మరిచిపోదు. నేను లేచాను. వార్డు చివర బల్ల ఉంది, అనూరాధ సిస్టరు వెలుతురుకేసి సిరంజి ఎత్తి పట్టుకుని ఎవరికో మందు తీస్తోంది, ఆ బల్ల దాకా ఉన్న మంచాలన్నీ నాకేసి చూస్తున్నట్టు, అసలు ఎవరూ చూడటం లేదు. నాన్న నీళ్ళ మీద ఉన్నాడు. చెబితే మామ్మ నోరు తెరుస్తారు. నాన్న నీళ్ళ మీద ఉన్నాడు. చెప్పకపోతే గుండె లయ తప్పుతుంది, ఆ పచ్చగీత. "సిస్టర్" అన్నాను, అది నా కాలరు దగ్గరే ఉండిపోయింది, ఆమె చుట్టూ చూడలేదు. ఇంకోసారి నోరు తెరిస్తే ఎక్కడి నుంచి వచ్చిందో మరి, అత్త గొంతులా వచ్చింది. "సిస్టర్, మా మామ్మ తినలేదు." ఆమె తిరిగింది. "ఏంటమ్మా?" "ఇడ్లీ తినలేదు. నిన్నా తినలేదు. నేను తిన్నాను. ఇప్పుడు వణుకుతోంది, నన్ను గుర్తుపట్టడం లేదు."

సిరంజి ట్రేలో పడేసి ఆమె పరిగెత్తింది, నేను వెనకాల. అత్త అడ్డంగా నిలబడింది, "అమ్మోరు మీదున్నప్పుడు ముట్టుకోకూడదమ్మా." "అమ్మోరు కాదు పిన్నీ, షుగర్ పడిపోయింది, జరుగు." వేలి చివర గుచ్చింది, చుక్క రక్తం, చిన్న మిషను, ముప్పై ఎనిమిది. అత్తకి ఆ అంకె ఏమీ చెప్పలేదు, సిస్టరు ముఖం చెప్పింది. నేను బల్ల మీద పాలగ్లాసు అందుకోబోయాను, "వద్దు వద్దు, ఇప్పుడు నోట్లో ఏం పొయ్యకు, మింగలేదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది" అంది. చేతికి ముందే పెట్టి ఉన్న సూది గొట్టంలోంచి గ్లూకోజు, పెద్ద సిరంజితో, పాకంలా చిక్కగా, నెమ్మదిగా నొక్కుతూ, మామ్మ ముఖాన్నీ పచ్చగీతనీ మార్చి మార్చి చూస్తూ. సుధారాణి గారు కూడా లేచి కూర్చుంది. రెండో సిరంజి. మామ్మ దుప్పటి లాగడం ఆపింది. వేళ్ళు విడిచాయి. తరవాత కళ్ళు, ముందు కిటికీ దగ్గర, ఆ తరవాత అత్త దగ్గర, ఆ తరవాత నా దగ్గర ఆగాయి. "ఏటే ధనం, అలా సూస్తన్నావు?"

నా పేరు అంత బాగుంటుందని ఎప్పుడూ అనుకోలేదు. "బోటొచ్చినాదా?" అంది మామ్మ. "రాలేదు." మామ్మ నాలికని నోట్లో అటూ ఇటూ తిప్పి చూసుకుంది, బుగ్గల్లో, పళ్ళ వెనక. "నా నోట్లో ఏటైనా యేసీసినారా?" "లేదు మామ్మా. నరంలోంచి ఇచ్చారు. చేతిలోంచి." చేతిని ఎత్తి ప్లాస్టరు వైపు చాలాసేపు చూసుకుంది, పంచాయితీలో తీర్పు చెప్పేముందు పెద్దలు చూసినట్టు. "నోట్లోది కాదు కదా." "కాదు." "అయితే ఫర్నేదు." అత్త కన్నీళ్ళు తుడుచుకుంటూనే, "సచ్చి బతికి మొదట అడిగినాదిదే సూడండి" అంది. సిస్టరు మాత్రం నవ్వలేదు, ఈ గ్లూకోజు ఎక్కువసేపు నిలవదు, తినాల్సిందే అంది.

సాయిశంకర్ డాక్టరు గారు వచ్చారు. కాగితం చూశారు, కప్పిన తువ్వాలు ఎత్తి ఇడ్లీలు చూశారు. "ఎందుకు తినలేదు?" మామ్మ కిటికీకేసి తిరిగింది. అత్త నాకేసి చూసింది. సిస్టరు నాకేసే చూసింది. తల ఊపితే సరిపోని ప్రశ్న. చెప్పాను, నాన్న బోటు సంగతి, మాత్రలు ఇంట్లో ఎప్పుడు వేసుకునేదో, నేను తిన్న ఇడ్లీలు, అత్త కేరేజీ, అన్నీ ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి, నేల టైల్సుకి చెప్పాను కానీ గట్టిగానే చెప్పాను. ఆయన నవ్వుతారనుకున్నాను, లేకపోతే తిడతారనుకున్నాను. "ఇదా ఆ మూడు వందలు" అన్నారు, అంతే, ఏదో లెక్క కుదిరినట్టు. తరవాత నాతో, "ముందే చెప్పుంటే మందు పెంచేవాణ్ణి కాదమ్మా" అన్నారు. అది తిట్టు కాదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది. మామ్మతో, "బోటు రాకముందు కొంచెం తింటే ఏమవుతుందమ్మా?" అని అడిగారు. మామ్మ ఇటు తిరిగింది. "ఒల్లు నీకిచ్చీసినాను బాబూ, ఎక్కడ కోసుకుంటావో కోసుకో. నోరు నాది." డాక్టరుగారు సిస్టరు వైపు తిరిగి అన్నారు, రేపటి నుంచి పొద్దుటి ఇంజక్షను టిఫిన్‌కి ముందు వద్దు, తిన్న వెంటనే వెయ్యండి, ఎంత తిన్నదీ చూసి, రాత్రి మందు కూడా కాస్త తగ్గిద్దాం, తినేదాకా గ్లూకోజు బాటిలు నడవనివ్వండి, పావుగంటకోసారి చూడండి, బయటి కేరేజీ ఆపండి. అంతే. ఇంత చిన్న మార్పు. ఇంటి దగ్గర వరస ఏదో ఇక్కడా అదే పెట్టారు.

బాటిల్లోంచి చుక్క పడుతోంది. ఓడల్లో ఒకటి కదిలింది, చూస్తూంటే కదిలినట్టుండదు, కళ్ళు మూసి తెరిస్తే చోటు మారి ఉంటుంది. అత్త నా ఒళ్ళో ఫోనుకేసే చూస్తోంది. నల్లగున్నాయి నీళ్ళు అన్నది మామ్మకి గుర్తు లేదు, అత్తకి ఉంది, నాకూ ఉంది. చక్కెర తక్కువైతే మెదడు ఏదో ఒకటి మాట్లాడుతుంది, దానికి అర్థం ఉండదు, ఇది కూడా నాకు తెలుసు, తెలిసినా కడుపులో ఒక చోట తెలియడం లేదు. నోట్లో ఏమీ వెయ్యలేదు కదా, నరంలోంచే కదా, నేనూ మామ్మ లాగే లెక్క వేస్తున్నాను. సిస్టరు రెండుసార్లు వచ్చి వేలు గుచ్చి, ఫరవాలేదని తల ఊపి వెళ్ళింది. ఆమె తల ఊపితే అర్థం తెలుస్తుంది.

ఫోను మోగింది. అమ్మ గొంతు వెనకాల గాలి, జనం, ఎవరో అరుస్తున్నారు. "ఒలే ధనం, నీళ్ళలో ఇంజిను పంకాకి తాడు సుట్టుకుపోయి ఆగిపోనాదట, వీరన్న మావ బోటు లాక్కొచ్చినాది. వల పోయినాది. మీ నాయనకి ఏటీ కానేదు, ఇక్కడే ఉన్నాడు, నీళ్ళు తాగతన్నాడు." నేను ఫోను చెవి దగ్గర పెట్టుకునే "బోటొచ్చింది" అన్నాను. ఇంకోసారి అన్నాను, వార్డు చివర బల్ల దాకా. "సిస్టర్, బోటొచ్చింది." అటు వైపు మంచాల వాళ్ళు కూడా తిరిగి చూశారు, ఏ బోటో వాళ్ళకి తెలీదు. సుధారాణి గారు "హమ్మయ్య" అంటూ దిండుకి వాలింది. అత్త రెండు చేతులూ ముఖం మీద రుద్దుకుని, మళ్ళీ అత్త గొంతుతో, "మీ యమ్మ బిస్కట్టు పొట్లం ఖాళీ అయ్యుంటాది ఈపాటికి" అంటూ కేరేజీ మీద చెయ్యి వేసింది. "అది ముయ్యి పిన్నీ" అంది సిస్టరు, వస్తూనే. "ఇడ్లీ."

మామ్మని లేపి కూర్చోబెట్టి, వెనకాల దిండు పెట్టి, ఇడ్లీ తుంచి నోట్లో పెట్టాను. "సల్లారిపోనాది" అంది మామ్మ. "సెప్పులాగున్నాది." అయినా నమిలింది, కిటికీకేసి చూస్తూ, ఇప్పుడు తీరిగ్గా. ఒకటి. రెండోది. చట్నీ వద్దంది. మూడోదాంట్లో చివరి ముక్క నోట్లో ఉండగా సిస్టరు కాగితం తీసి, పెన్ను మూత నోటితో తీసి, మామ్మని కాదు, నన్ను అడిగింది, "రాయనా మరి, తిన్నారని?"

మామ్మ బుగ్గ ఇంకా ఉబ్బి ఉంది.

"ఆగండి సిస్టర్" అన్నాను. "ఇంకా మింగలేదు."